ఆడుతోందా అమ్మాయ్?

నా భయాల్లోకెల్లా పెద్దది ఒక్కటే: మా పాప కెజియ నిద్రలో ఊపిరి తీసుకోవడం మరచిపోతుందేమోనని. మిగతా భయాలన్నీ దాని పిల్లలు.

ఈ మధ్యాహ్నం మా కారులోంచి ఆటోమేటిక్ గేరుబాక్సు కిందికి దిగుతుంది. ఎవరూ దించరు, తనే దిగుతుంది. షెడ్డు మూల పీట వేసుకుని కూర్చుని, తువ్వాలుతో ఒంటి మీది నూనె తుడుచుకుని, "ఇక నా వల్ల కాదు" అంటుంది. మా ఆయన యోహాను దానికి గ్లాసుతో మజ్జిగ ఇచ్చి, చేత్తో మార్చుకునే మామూలు గేరుబాక్సును ఆ ఖాళీలోకి ఎక్కిస్తాడు.

ఆటోనగర్లో మా షెడ్డు ఇది. పైన మా గది. పాప అక్కడ చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. నేను కారులో డ్రైవరు సీట్లో ఉన్నాను. వైరింగు చేసే మస్తాన్ బాబాయ్ నా కాళ్ళ దగ్గర తల దూర్చి తీగలు వెతుకుతున్నాడు. అతను తొక్కమన్నప్పుడు క్లచ్చు తొక్కాలి, వదలమన్నప్పుడు వదలాలి.

ముందు అద్దంలోంచి రోడ్డుకు బదులు మా గది కనిపిస్తోంది. ఉయ్యాల చీర మెల్లగా లేస్తోంది, దిగుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

"పాత బాక్సు దిగిపోయిందని బండిలో కంప్యూటరుకి ఇంకా తెలీదమ్మాయ్," అంటాడు బాబాయ్. "పార్కు గేర్లో ఉన్నావని ఎవరో ఒకరు చెప్పందే స్టార్టవదు. ఆ కబురు చెప్పే తీగ ఇదే."

"దానికి అబద్ధం చెబుతున్నావా బాబాయ్?"

"ఛ. ఆగున్న బండికి ఆగున్నావని చెప్తే అబద్ధమెట్టా అవుద్ది?"

కారు కింద నుంచి యోహాను నవ్వుతాడు. "నన్నడిగితే న్యూట్రలే మంచిది బాబాయ్."

"నువ్వు పుట్టిందే న్యూట్రల్లో," అంటాను. "మీ అమ్మ నన్ను ఎన్ని మాటలన్నా అందులోంచి కదలవుగా."

తీగ ఆకుపచ్చగా ఉంది. బాబాయ్ లాగినకొద్దీ వస్తోంది. నా ఒళ్ళోంచి, కిటికీలోంచి, మెట్ల మీదుగా పైకి పోతోంది. ఏ తీగైనా ఎక్కడో ఒకచోటికి పోవాల్సిందే కదా.

"ఆడుతోందా అమ్మాయ్?" బాబాయ్ తల ఎత్తకుండా అడుగుతాడు.

"ఆడుతోంది బాబాయ్. చక్కగా ఆడుతోంది."

అతను అడిగింది క్లచ్చు సంగతి. నేను చెప్పింది ఊపిరి సంగతి. రెంటికీ మాకున్నది ఒకటే మాట. బాబాయ్ రెండు తీగల కొసలూ మెలివేసి, పళ్ళతో టేపు తెంపి చుట్టేస్తాడు.

ఉయ్యాల చీర ఆగిపోతుంది.

నా కాలు దానంతటది క్లచ్చు మీద పడుతుంది. చీర పైకి లేచి అలాగే నిలబడుతుంది. కాలు వదులుతాను. చీర దిగుతుంది, ఇంజను మేలుకుంటుంది, కారు జానెడు ముందుకు జరుగుతుంది.

"ఏది ఆడుతోందన్నావ్ నువ్వు?" బాబాయ్ తల ఎత్తి అడుగుతాడు.

"పాపకి ఊపిరి."

అతను నోట్లోని టేపు ముక్క ఉమ్మేసి, నా పాదం వంక చూస్తాడు. తర్వాత, "తొక్కమ్మా, ఆపమాక," అంటాడు.

నేను తొక్కుతాను, వదులుతాను. వదిలినప్పుడల్లా కారు జానెడు పోతోంది. పాప ఊపిరి వదలాలంటే నేను పాపకు దూరం జరగాలి. తొక్కిపెట్టి ఉంచితే కారు ఆగుతుంది, ఊపిరి లోపలే ఉండిపోతుంది.

"న్యూట్రల్లో పెట్టవే!" యోహాను కారు కింద నుంచి బయటికి దొర్లి అరుస్తాడు.

"పెడితే ఊపిరి దేనికీ తగలదురా," అంటాడు బాబాయ్. "ఊరికే తిరుగుద్ది."

"పోనీ బ్రేకు తొక్కితే?"

"బండి లెక్కలో అది పార్కులోనే ఉంది. ఆగున్నదాన్ని ఎట్టా ఆపుతావు?"

తీగ తెంపమని నేను అడగను. తెంపితే ఏది తెగుతుందో ముగ్గురికీ తెలుసు. నేను తొమ్మిదితో బడి మానేశాను. ఊపిరితిత్తుల పాఠం పదిలో ఉందట.

యోహాను వెళ్ళి పాత గేరుబాక్సు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అది మజ్జిగ అడుగంటా తాగి గ్లాసు బోర్లిస్తుంది. "దానంతటదే అనుకున్నారు నాయనా మీరంతా," అంటుంది. "పాలు పొంగడం, గుండె కొట్టుకోవడం, ఏదీ దానంతటది లేదు. కింద మాలాంటి వాళ్ళం తిప్పుతూ ఉన్నాం. మమ్మల్నెవరూ చూళ్ళేదు." తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. నడకలో ఎక్కడా కుదుపు లేదు.

"నువ్వు దిగు, నేను తొక్కుతా," అంటాడు యోహాను, తలుపు పట్టుకుని కారుతోపాటు నడుస్తూ.

ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక మనిషి దిగి ఇంకో మనిషి ఎక్కేంత చోటు లేదు. "నువ్వు పైకి పో," అంటాను. "దాని దగ్గరుండు. ఎవరో ఒకరు దాని దగ్గరుండాలి కదయ్యా."

అతను మెట్లెక్కుతాడు. ఎక్కినకొద్దీ మెట్లు పుడుతున్నాయి. "వస్తన్నానమ్మా, వస్తన్నా," అని పాపతో అంటున్నాడు. గొంతు దగ్గరగానే ఉంది, మనిషే కనిపించడం లేదు. బాబాయ్ నా కాళ్ళ దగ్గర్నుంచి లేచి, తీగ చిక్కుపడకుండా రెండు చేతులతో వదులుతూ, షెడ్డు గుమ్మంలోనే ఉండిపోతాడు.

కారు వీధిలోకి వస్తుంది. ముందు అద్దంలోంచి గది పోయింది, రోడ్డు వచ్చింది. నా పాదం నుంచి ఊపిరి వెళ్తోంది, అది అందిందన్న కబురు వెనక్కి రావడం లేదు. బాబాయ్ వేసింది వెళ్ళే తీగ ఒక్కటే.

ఇప్పుడు నేను తొక్కినప్పుడు వీధిలోని షట్టర్లన్నీ ఒక్కసారిగా లేస్తున్నాయి. వదిలినప్పుడు దిగుతున్నాయి. ఇనుప రేకులు పక్కటెముకల్లా విచ్చుకుని, మూసుకుంటున్నాయి. ప్రతి షట్టరు వెనకా ఒక ఉయ్యాల వేలాడుతోంది. దిగినప్పుడల్లా కింద సందులోంచి పాల వాసన గాలి వచ్చి రోడ్డు మీది దుమ్మును నా చక్రాల వెంట తోస్తోంది. వీధికి చివర లేదు. వీటిలో మాది ఏదో నాకు తెలియడం లేదు.

నేను కాలు తీయలేను. మీరు ఆ వీధిలోకి వెళ్తే, షట్టరు లేచినప్పుడు వంగి లోపలికి దూరండి. మాది నీలం చీర, అంచు దగ్గర ఇస్త్రీకి కాలిన మచ్చ ఉంటుంది. పేరు పెట్టి పిలవకండి, ఉలిక్కిపడుతుంది. చీర కొంచెం పక్కకు తీసి, పాప ముక్కు కింద వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచి చూడండి.