అద్దం మీద బొట్టు

శ్రీకాకుళం తీరంలో బుల్లమ్మ ఊరికి కూతవేటు దూరాన గాలిని పరీక్షించే కేంద్రం ఒకటి ఉంది. అక్కడి యంత్రాన్ని లైడార్ అంటారు. గది పైకప్పులో బిగించిన అద్దం గుండా అది ఆకాశంలోకి లేజర్ వెలుగు పంపుతుంది. గాలిలో తేలే ఉప్పు, పొగ, దుమ్ము రేణువులకు తగిలి ఆ వెలుగులో కొంత వెనక్కి వస్తుంది. ఏ ఎత్తున ఎంత దుమ్ముందో తెర మీద గీత చెబుతుంది.

సముద్రపు ఉప్పు రోజూ ఆ అద్దాన్ని మసకబరుస్తుంది. పొద్దున్నే యంత్రం ఆపగానే మేడెక్కి దాన్ని తుడవడం బుల్లమ్మ పని. "ఉప్పుసేపలమ్మి బతికినదాన్ని. ఉప్పు సంగతి నాకు సెప్తారేటి?" అనేది.

దసరా మర్నాడు గీత పాడైంది. నేలను ఆనుకొని దట్టంగా పొగ కమ్మినట్టు, ఆ పైన ఏమీ లేనట్టు చూపిస్తోంది. బయట చూస్తే ఆకాశం నిర్మలంగా ఉంది. శాస్త్రవేత్త రాధిక తీగలన్నీ విప్పి బిగించింది.

"పిన్నీ, అద్దం తుడిచావా?"

"తుడిసినానమ్మా."

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

మూడోనాడు టెక్నీషియన్ వినోద్ అట్టపెట్టెలు తెచ్చాడు. లేజర్‌ను బాగుచేయించడానికి బెంగళూరు పంపాలట. తిరిగి రావడానికి రెండు నెలలట.

"ఏడాది పొడవునా కొలవాలనుకున్నాం. పదకొండు నెలలు గడిచాయి. ఇంకొక్క నెల ఉంటే..." రాధిక మాట మధ్యలోనే ఆగిపోయింది.

దసరానాడు యంత్రానికి పూజ చేసినప్పుడు పసుపు కుంకుమల పళ్లెం రాధిక బుల్లమ్మ చేతికే ఇచ్చింది. వేటకెళ్లిన మొగుడు ఎల్లాజీ పడవ తిరిగిరాని ఈ ఆరేళ్లలో అలాంటి పళ్లెం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆ సంతోషంలో మేడెక్కి, యంత్రానికి కన్ను ఇదే కదా అని, అద్దం మీద అరచేతంత పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ మర్నాటి నుంచి దాని చుట్టూ తుడుస్తోంది. బొట్టు మీదికి చెయ్యి పోవడం లేదు. ఎల్లాజీ పోయిన పదోరోజున తన బొట్టు ఎవరో కొంగుతో తుడిచారు. అదెవరో కనబడకూడదని అప్పుడామె కళ్లు మూసుకుంది.

"ఒరే వినోదూ, ఆగరా."

"ఏటత్తా, నువ్వూ పెట్టెలో కూకుంటావేటి? బెంగళూరు సూసొద్దువుగాని."

బుల్లమ్మ అతనివైపు చూడలేదు. "అమ్మా, దాని కంటికి బొట్టెట్టినాను."

"ఏ కంటికి?"

"మేడ మీద అద్దానికి. సుట్టూరా తుడుస్తన్నాను గానీ... బొట్టు తుడవడం నా వల్ల కాదమ్మా."

నవ్వబోయిన వినోద్ ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"తుడవొద్దులే పిన్నీ," అంది రాధిక. "నలుగు పెట్టినవాళ్లకు స్నానం చేయించాలి కదా. నీళ్లు పోసెయ్."

బుల్లమ్మ ముఖం విప్పారింది. "పొయ్యాల మరి! మూడ్రోజుల్నించి పసుపుతోనే ఉన్నాది పాపం."

"కుంకుడుకాయ నలగ్గొట్టీమంటావేటత్తా?"

"నోరు ముయ్యరా. సెంబట్రా."

బుల్లమ్మ మేడెక్కి, పిల్లకు పోసినట్టు చెయ్యి అడ్డం పెట్టి మంచినీళ్లు పోసింది. పచ్చటి నీళ్లు మేడ మీంచి జారిపోయాయి. మెత్తటి గుడ్డతో తడి అద్దింది.

యంత్రం మళ్లీ వేశారు. తెర మీద నేల దగ్గర పలచగా ఉప్పు, చాలా ఎత్తున సన్నటి చార.

"అదేటమ్మా?"

"ఎక్కడిదో పొగ. గాలికి ఇంతదూరం వచ్చింది." రాధిక నవ్వుతోంది. "తానమయ్యాక మళ్లీ బొట్టంటావేమో, యంత్రం పెట్టెకు పెట్టు పిన్నీ. అద్దానికి వద్దు."

తర్వాత ఆమె పుస్తకం తెరిచింది. "మూడు రోజుల లెక్కలు పోయాయి. కారణం రాయాలి. ఏమని రాయను?"

బుల్లమ్మ ఆలోచించింది.

"పండగని రాయండి."

రాధిక అలాగే రాసింది. బుల్లమ్మ గుడ్డ ఉతికి, తీగ మీద ఆరేసి, ఇంటికి బయలుదేరింది.