ఒక్క బంగాళాదుంప కూడా నాటను

మా తోటమడుల సంఘం నియమం చిన్నదే. ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చిన మడిలో ముప్పావు వంతు తినే పంట ఉండాలి. హెస్టర్ పార్జెటర్ మడిలో ఉన్నవి ముప్పై రెండు తెల్ల గులాబీ మొక్కలు, ఒక కుర్చీ. పక్క మడి నాది. క్యాబేజీల్లో కలుపు తీస్తుంటే ఆ వాసన వచ్చి నన్ను పని చేసుకోనిచ్చేది కాదు.

"ఓ నాలుగు దుంపలు పాతెయ్యరాదూ, గొడవ వదిలిపోతుంది" అన్నాను ఒకసారి.

"ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీశాను, బెరిల్. ఇక ఈ చేత్తో ఒక్కటి కూడా నాటను. నన్ను పాతిపెట్టుకోండి కావాలంటే."

ఆవిడ మొక్కలకి పురుగుమందు కొట్టేది కాదు. రోజూ పొద్దున్నే బకెట్ పట్టుకుని నల్లమచ్చ పడ్డ ఆకుల్ని ఒక్కొక్కటీ గిల్లేది, మొగ్గల మీది పేనుబంకను బొటనవేలితో తుడిచేది. "గులాబీలకి పేలు చూస్తోంది" అని మేమంతా నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను.

ఈ ఏడాది సంఘం ఉత్తరం ఇచ్చింది. జూన్ ఆఖరి శనివారం తనిఖీ నాటికి గులాబీలు పీకెయ్యాలి, లేదా మడి ఖాళీ చెయ్యాలి. కింద ఇద్దరి సంతకాలు. ఒకటి కార్యదర్శి డెరిక్ ఆర్మిటేజ్‌ది. రెండోది, పక్క మడి సాక్షిగా, నాది. నోరు తెరిచి కాదనడం చేతకాక పెట్టాను, అంతకంటే గొప్ప కారణం లేదు. సిగ్గుగానే ఉంది.

శనివారం డెరిక్ వచ్చాడు. కోటు మీద మా యార్క్‌షైర్ గుర్తు, తెల్ల గులాబీ బిళ్ల తళతళలాడుతోంది. వెనకే నేను. గులాబీలు ఒక్కటీ కదల్లేదు, పైగా విరగబూసి ఉన్నాయి. తనిఖీ రోజు మడివాళ్లు టీ ఇవ్వడం మా ఆనవాయితీ, వద్దనడం మర్యాద కాదు. హెస్టర్ టీ పోసి, శాండ్‌విచ్‌ల పళ్లెం ముందు పెట్టింది.

"మిసెస్ పార్జెటర్, మీరు ఉత్తరం చదివినట్టు లేదు" అన్నాడు డెరిక్, ఒకటి నోట్లో పెట్టుకుంటూ.

"చదివాను. ముందు తిను. బళ్లో నా చేతి వంట ఏనాడైనా వదిలావా నువ్వు?"

రెండోది తిన్నాడు. మూడోది తీశాడు. "వెన్నలో ఏం కలిపారు? ఘుమఘుమలాడుతోంది."

"నా పంట."

డెరిక్ నమలడం ఆపాడు. రొట్టె తెరిచి చూశాడు. వెన్నకంటుకుని తెల్లటి రేకులు.

"గులాబీలా! మందు..."

"ఈ మడిలో మందు చుక్క పడలేదు. ఆకాకూ ఏరుతుంటే నవ్విందెవరు? రేకుకి అడుగున తెల్ల మొన ఉంటుంది, అది చేదు. నూట యాభై రేకులకి పొద్దున్నే కూచుని కత్తిరించాను. జామ్ కూడా ఉంది, సీసాల్లో. తినే పంట కావాలన్నారుగా? తిన్నావుగా? నియమంలో ఎక్కడుందిరా బంగాళాదుంప అని?"

డెరిక్ మెడ ఎర్రబడింది. నియమాల పుస్తకం తీసి తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. పుస్తకంలో బంగాళాదుంప లేదు. "సరే, ఉండనివ్వండి" అని గొణిగి, చేతిలోది పూర్తిగా తిన్నాకే తర్వాతి మడికి వెళ్లాడు.

నేను పళ్లెం వైపు చెయ్యి చాపాను. హెస్టర్ పళ్లెం వెనక్కి లాగి, ఏప్రన్ జేబులోంచి ఆ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది.

"వాడు కార్యదర్శి, వాడి ఉద్యోగం అది. నువ్వు పక్క మడిదానివి. ముందు ఇది చింపు."

చింపాను. నా పేరు రెండు ముక్కలైంది. ఆవిడ ఆ ముక్కల్ని ఓ గులాబీ మొదట్లో వేసి, పైన గుర్రపు లద్దె కప్పింది.

"కుళ్లనీ. మొక్కకైనా పనికొస్తుంది. ఇప్పుడు తిను."