గౌరి గారి కృష్ణుడి కుడికన్ను

విజయశ్రీకి మొహమాటం ఉగ్గుపాలతో అబ్బింది. నచ్చని చీరను "ఎంత బాగుందో!" అనడం, కడుపు కాలుతున్నా "ఇప్పుడే తిని వచ్చామండీ" అనడం ఆమె లెక్కలో అబద్ధాలు కావు, మర్యాదలు. ఆ మర్యాదలతోనే, అమెరికాలో వాళ్ళుండే క్యారీ ఊరి తెలుగు సంఘం అధ్యక్ష పదవి గుమ్మం దాకా వచ్చేసింది. ఆదివారమే ఎన్నిక. ఇక కావలసింది గౌరి గారి అండ ఒక్కటే. ఆవిడ మాట వాకింగ్ బ్యాచ్ అంతటికీ వేదవాక్కు.

ఆ శుక్రవారం గౌరి గారు భోజనానికి పిలిచారు. విజయశ్రీకి చిక్కల్లా తన కూతురు దేదీప్యతోనే. ఆ పిల్ల కాలేజీలో ఫిలాసఫీ క్లాసులో చేరి, ఎప్పుడో పోయిన జర్మన్ తత్వవేత్తనొకణ్ణి నెత్తికెక్కించుకుంది.

"అందరూ అబద్ధాలు చెప్తే ఎవరి మాటా ఎవరూ నమ్మరు కదా అమ్మా. సో, ఎవ్వరూ చెప్పొద్దు. పాలిటిక్స్‌లో కూడా," అంది కారులో.

"ఆయనెప్పుడైనా తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళాడా?"

"ఆయన పెళ్ళే చేసుకోలేదు."

"అదీ సంగతి. అందుకే అన్నీ చెల్లాయి. నువ్వు మాత్రం అక్కడ నోరు విప్పకు తల్లీ."

గౌరి గారికి తంజావూరు బొమ్మలు వేసే సరదా. ఎవరు మెచ్చుకుంటే వాళ్ళకి ఆ బొమ్మ ఇచ్చేస్తారు. అందుకే ఊళ్ళో ఏ తెలుగింటి గ్యారేజీలో చూసినా ఒక కృష్ణుడు బబుల్ రాప్‌లో వేంచేసి ఉంటాడు. సంగతి తెలిసీ విజయశ్రీ, పప్పుచారు పూర్తికాకుండానే, గోడ మీది కృష్ణుణ్ణి చూస్తూ, "అబ్బ, కళ్ళు తిప్పుకోలేకపోతున్నానండీ!" అంది. బొమ్మ వచ్చి ఒళ్ళో పడింది.

"నీకెలా ఉందే పిల్లా?" అన్నారు గౌరి గారు.

విజయశ్రీ బల్ల కింద కూతురి కాలు తొక్కింది. లాభం లేకపోయింది.

"రైట్ ఐ పెద్దగా ఉంది ఆంటీ. కృష్ణుడు ఏదో చూసి భయపడ్డట్టు ఉన్నాడు."

గౌరి గారు కళ్ళజోడు పెట్టుకుని బొమ్మను దగ్గరికి లాక్కున్నారు.

"నిజమేనే! ఇన్నేళ్ళుగా వేస్తున్నాను, ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు నా బొమ్మను చూశారు."

ఆవిడ దేదీప్య భుజం తట్టారు. గాలి ఎటు వీస్తోందో విజయశ్రీ ఇట్టే పసిగట్టింది.

"నాకూ ఆ కన్ను చూడగానే అనుమానం వచ్చిందండీ. మీరేమనుకుంటారోనని..."

గౌరి గారు కళ్ళజోడు తీసేశారు.

"విజయా, ఇందాక ఓట్ల కోసం బాగుందన్నావు. ఇప్పుడు ఓట్ల కోసమే బాగాలేదంటున్నావు. మా బ్యాచ్ ఓట్లు నీకు రావమ్మా. పెరుగు వేసుకో."

తిరిగి వచ్చేటప్పుడు దేదీప్య డ్రైవ్ చేసింది. విజయశ్రీకి ఏడుపొచ్చింది. పదవి పోయినందుకు కాదు, ఆవిడ అన్నది అక్షరాలా నిజమైనందుకు. తల వంచుకుంటే, వచ్చేటప్పుడు గౌరి గారు మళ్ళీ చేతిలో పెట్టిన బొమ్మ ఒళ్ళో ఉంది. చేసేదేమీ లేక దాన్నే చూస్తూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"దీపూ, ఈ నెమలిపింఛం చూడు. ఒక్కో ఈకా విడివిడిగా వేశారే. ఎంత బాగుందో!"

దేదీప్య అనుమానంగా చూసింది. "నిజంగానా?"

"నిజంగానే."

"అయితే వెనక్కి వెళ్దాం. ఆంటీకి చెప్పు."

"ఇప్పుడొద్దు," అంది విజయశ్రీ, బొమ్మ మీద వేలిముద్ర తుడుస్తూ. "ఎన్నిక అయిపోయాక, సోమవారం వెళ్ళి చెప్తాను."