సగటున ఆగే కత్తి

మా బావ వర్క్‌షాపులో కాగితం కట్టలు కోసే మెషిన్లు తయారవుతాయి. కత్తి కిందకి చెయ్యి వెళ్తే ఎదురుగా ఉన్న కాంతి కిరణాల తెర తెగుతుంది, వెంటనే కత్తి ఆగాలి. కొనడానికొచ్చిన పార్టీ ముందు మా అక్క ఆ తెరలోకి చెయ్యి పెట్టి చూపించడం ఇక్కడి ఆనవాయితీ. ఓనరు పెళ్లామే చెయ్యి పెడితే ఇంకెవరికి అనుమానమొస్తుందని బావ కనిపెట్టిన తెలివి అది.

పాత మెషిన్లలో కత్తిని ఆపడానికి విడిగా ఓ చిన్న సర్క్యూట్ ఉండేది. బావ ఈసారి దాన్ని పీకేశాడు. స్క్రీన్ మీద బొమ్మలు చూపించేదీ, ఆఫీసుకి లెక్కలు పంపేదీ, కత్తిని ఆపేదీ ఇప్పుడు ఒకే కంప్యూటర్. ఇన్ని పనుల మధ్య అది ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కొలవడం నా ఉద్యోగం. నల్లటి స్క్రీన్ మీద ఒక కమాండ్ కొట్టి, కొలిచే టూల్ నడుపుతాను. ఆ టూల్ కంప్యూటర్ నెత్తిన ఊపిరాడనంత పని పడేసి, మధ్యమధ్యలో పిలిచి, ఎంతసేపటికి పలికిందో చూస్తుంది. చివర్లో మూడు అంకెలిస్తుంది: అతి తక్కువ, సగటు, అతి ఎక్కువ.

సగటు ముద్దొచ్చేలా ఉంది. అతి ఎక్కువ మాత్రం అలా లేదు. అంతసేపట్లో కత్తి బల్లదాకా దిగిపోతుంది.

"సగటు బ్రహ్మాండం కదా మరదలా, ఇంకా ఆ మొహమేంటి?" అన్నాడు బావ.

"సగటున వేళ్లు తెగవు బావా. తెగితే ఒక్కసారే తెగుతాయి."

"శకునపక్షివే నువ్వు!" అని కీబోర్డు లాక్కుని, కమాండ్‌లో కంప్యూటర్ మీద పని బరువు పెట్టే ముక్క చెరిపేసి మళ్లీ నడిపాడు. పనీపాటా లేని కంప్యూటర్ పిలవగానే పలికింది. ఖాళీ బండి లాగించి ఎద్దు గట్టిదన్నట్టుంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాం? పార్టీకిచ్చే కాగితంలో ఆ అంకెలే అచ్చేయించాడు.

మర్నాడు మెషిన్ కొనడానికి ప్రెస్సు యజమాని, ఆయన మెకానిక్కూ వచ్చారు. ఈసారి చెయ్యి పెట్టొద్దని అక్కకి ముందే చెప్పాను. "మీ బావ చూసుకోకుండా ఉంటారటే?" అని నవ్వేసింది. నాకు ఒళ్లు మండింది. అందరూ మెషిన్ చుట్టూ చేరాక, పూర్తి బరువుతో టూల్ మొదలుపెట్టాను.

"బావా, ఈసారి నువ్వే పెట్టు" అన్నాను.

"అవును సార్, మీరే పెట్టండి" అని ప్రెస్సు యజమాని కూడా సరదాపడ్డాడు.

బావ గట్టిగా నవ్వాడు. చేతులు మాత్రం ప్యాంటు జేబుల్లోంచి బయటికి రాలేదు. అక్క ఆ జేబులకేసి చూసింది. చేతి గడియారం విప్పి పక్కనున్న బల్లమీద పెట్టి, ముందుకొచ్చి కత్తి దించే బటన్ నొక్కింది. బావ కోసం పన్నిన ఉచ్చులోకి మా అక్క వెళ్తోంది. టూల్ ఆపాలని కీబోర్డు మీద పడ్డాను. అప్పటికే ఆమె చెయ్యి తెర దాటింది.

కత్తి మధ్యలోనే ఆగింది. అది చాలాసార్లు ఆగుతుంది, సగటు చెప్పేది అదే కదా. పార్టీ చప్పట్లు కొట్టింది. "అంత బరువు పెట్టినా ఆగిందండీ, మా మరదలే సాక్షి" అన్నాడు బావ. బేరం కుదిరిపోయింది.

వాళ్లు వెళ్లాక అక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"ఆయన జేబులోంచి చెయ్యి తియ్యలేదే. చూశాను" అంది.

"చూసి కూడా ఎందుకు పెట్టావే?"

"నేనూ పెట్టకపోతే, ఆయన భయపడ్డారని నలుగురికీ తెలిసిపోదూ?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పక్క బల్లమీది గడియారం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

బుధవారం ఇంకో పార్టీ వస్తోందనీ, సిద్ధంగా ఉండమనీ లోపల్నుంచి బావ కేకేశాడు.

"అలాగేనండీ" అంది అక్క.