వేల షార్కుల ఒట్టు

చేపల మేత బాగా అమ్మినందుకు, రెండువేల ఎనిమిదిలో మావారికి మాల్దీవులు తగిలాయి.

ఏలూరులో మాది మేత కొట్టు. కొల్లేటి లంకల్లో చెరువులున్న రైతులు చాలామంది మా దగ్గరే బస్తాలు తీసుకెళ్తారు. ఎక్కువ అమ్మిన డీలర్లకి కంపెనీవాళ్ళు అంతకు ముందు మిక్సీలు, గోడ గడియారాలు ఇచ్చేవారు. వాటితో ప్రాణభయం లేదు. ఆ ఏడు మాత్రం సముద్రం మధ్యలో ఉన్న దీవికి ఇద్దరికి విమానం టిక్కెట్లు ఇచ్చారు. తీరా చూస్తే ఆ వారమే మా చెరువులో చేపలు పట్టాలి.

"నేను కదలడానికి లేదు తులసీ. నువ్వూ దుర్గా వెళ్ళి రండి" అన్నారు మావారు బుల్లిరాజుగారు, మా పుట్టిల్లు పెంటపాడు వెళ్ళి రమ్మన్నంత తేలిగ్గా.

దుర్గ అంటే మా ఒక్కగానొక్క కూతురు శ్రీదుర్గ. ఆక్వాకల్చర్‌తో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. అది కాగానే విశాఖపట్నం వెళ్ళి సముద్రపు చదువు చదువుతానంటుంది. పడవలెక్కి, నీళ్ళలోకి దిగి, చేపల్ని చూసి రాసే చదువట. నేను ససేమిరా అన్నాను. చిన్నప్పుడు కొల్లేటికోట అమ్మవారి దర్శనానికి దోనెలో వెళ్తూ, తామరపువ్వు కోస్తానని వంగి నీళ్ళలో పడిందది. మావారు జుట్టు పట్టుకుని పైకి లాగారు. గుడికి చేరేసరికే అది అంతా మర్చిపోయి ప్రసాదం పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది. నాకు మాత్రం బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడినా పిల్ల ఎక్కడుందో చూసుకోవడం అలవాటైపోయింది. ఆ తరవాత తండ్రీకూతుళ్ళు మా చెరువులోనే ఈత పాఠాలు పెట్టుకున్నారు. నాకు తెలిసేసరికి నేర్చుకోవడం కూడా అయిపోయింది.

ప్రయాణం ముందు కంపెనీవాళ్ళు కార్యక్రమం కాగితం పంపారు. దుర్గ పైకి చదువుతోంది.

"మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు పగడాల దిబ్బలు. మూడో రోజు వేల్ షార్కులతో ఈత."

నా చేతిలో కందిపప్పు చేట అలాగే ఆగిపోయింది.

"ఎన్నన్నావు?"

"ఏవి ఎన్నమ్మా?"

"షార్కులే. వేల షార్కులన్నావుగా? షార్క్ అంటే సొరచేపేగా?"

మావారికి నవ్వొచ్చింది. "వేల కాదే, అది..." అంటూండగా దుర్గ ఆయన వంక ఒక చూపు చూసింది. ఆయన వెంటనే తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మొదలెట్టారు.

"అవునమ్మా, సొరచేపే" అంది దుర్గ.

"ఒక్క సొరకే మనిషి చాలడంటారు. వేల సొరల మధ్యకి పిల్లల్ని దింపుతారా? ఏవండీ, ఇన్నాళ్ళూ మేత అమ్మించుకుని ఇప్పుడు మమ్మల్నే మేత వేస్తారా ఏమిటండీ మీ కంపెనీవాళ్ళు?"

"అబ్బే, మీ ఇద్దరూ వేల సొరలకి ఏం సరిపోతారే" అన్నారాయన తువ్వాలులోంచే.

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. అసలు సంగతి మర్చిపోయారు. ఇది పుట్టినప్పుడు నాకు పాలు పడకపోతే అత్తయ్యగారు నర్సాపురం నుంచి సొరచేపలు తెప్పించి నెల్లాళ్ళు సొరపిట్టు పెట్టారు. దీని ఒంట్లో ఉన్నదంతా వాటి సత్తువే. ఆ వాసన వాటికి తెలియకుండా ఉంటుందా?"

"ఎప్పటి కూరమ్మా అది! ఇప్పటిదాకా వాసనుంటుందా?" అంది దుర్గ.

"మనకి తెలియదు. వాళ్ళ వాళ్ళని తిన్న సంగతి వాటికి తెలుస్తుంది. ఇలా రా. నా నెత్తిన చెయ్యి పెట్టి, వేల షార్కులున్న చోట నీళ్ళలో దిగనని ఒట్టు వెయ్యి."

అది ఎంత బుద్ధిగా వచ్చి చెయ్యి పెట్టిందో!

"వేల షార్కులున్న చోట నేను నీళ్ళలో దిగనమ్మా. ఒట్టు."

జ్వరం మాత్ర వేసుకోమంటేనే గంటసేపు బతిమాలించుకునే పిల్ల, చెప్పీ చెప్పగానే ఒట్టు వేసిందంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. అయినా ఎందుకైనా మంచిదని కొట్లోంచి వల లాగే నైలాన్ తాడు ఒక చుట్ట తెచ్చి పెట్టెలో చీరల కింద పెట్టుకున్నాను.

దీవి అంటే ఏమిటో అనుకున్నాను. భోంచేసి కాస్త నడుద్దామని బయల్దేరితే అయిపోయింది. ఎటు తిరిగినా నీళ్ళే. కొల్లేట్లో అయితే గుర్రపుడెక్క ఉంటుంది, బురద ఉంటుంది, కింద ఏముందో కనపడదు కాబట్టి మనసు కాస్త కుదుటగా ఉంటుంది. ఇక్కడ నీళ్ళు అద్దంలా ఉండి అడుగుదాకా కనిపిస్తోంది. అంత లోతు కంటికి కనపడడం నాకు ఏమీ నచ్చలేదు.

వెళ్ళగానే లైఫ్ జాకెట్టు అడిగి తీసుకుని తొడుక్కున్నాను. భోజనాల దగ్గర కూడా విప్పలేదు. మాతో వచ్చిన తాడేపల్లిగూడెం డీలరు అచ్యుతరావుగారు నా వంక చూసి, "చెల్లెమ్మా, పప్పు అంత లోతుగా ఏమీ లేదమ్మా" అన్నారు.

"నవ్వండి అన్నయ్యగారూ. మునిగేటప్పుడు ఎవరి జాకెట్టు ఎవరు అడుగుతారో చూద్దాం" అన్నాను.

మూడో రోజు అందరం పడవెక్కాం. దారి చూపించేవాడు మునీర్ అని ఆ దేశం కుర్రాడే. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీలో వాడు మాట్లాడుతుంటే దుర్గ నాకు తెలుగులో చెబుతోంది. అందరికీ కళ్ళద్దాలు, నోట్లో పెట్టుకునే గొట్టాలు ఇచ్చారు. నేనూ పెట్టుకున్నాను, దిగడానికి కాదు, పడవ అంచున వంగి కింద ఏం జరుగుతోందో కనిపెట్టడానికి.

కాసేపటికి మునీర్ కేక పెట్టాడు. నీళ్ళలో నల్లగా ఒక నీడ మెల్లగా మలుపు తిరుగుతోంది, ఏలూరు బస్టాండులో రివర్సు తీసుకుంటున్న బస్సులాగా.

చూసేసరికి దుర్గ కాళ్ళకి ఈత రెక్కలు తొడిగేసుకుంటోంది.

గొట్టం ఊడబీకి, "ఆగవే! ఒట్టేశావు!" అన్నాను.

"వేల షార్కులున్న చోట దిగననే కదమ్మా ఒట్టు? చూసుకో, ఎన్నున్నాయి?"

నేను పడవకి అటూ ఇటూ తిరిగి చూశాను.

"ఒకటి" అన్నాను.

"మరింకేం?"

"మిగతావి వెనకాల వస్తున్నాయేమోనే!"

"మిగతావి లేవమ్మా. వేల అంటే వేలు కాదు. ఇంగ్లీషులో వేల్ అంటే తిమింగలం."

"ఓరి నాయనో! ఇది తిమింగలమా?"

"కాదు, సొరే. తిమింగలమంత ఉంటుందని ఆ పేరు పెట్టారు."

"తల్లికి ధైర్యం చెప్పే మాటలేనటే ఇవి?"

అచ్యుతరావుగారు కలగజేసుకున్నారు. "చెల్లెమ్మా, ఒట్టు నీదే, మాటలూ నీవే. ఆ ప్రకారం చూస్తే అమ్మాయిదే న్యాయం."

మునీర్ ఏదో చెప్పాడు. దాని పళ్ళు చాలా చిన్నవనీ, మనిషిని తినదనీ, నోరు తెరిచి నీళ్ళు వడకట్టుకుని అందులో ఉన్న నలుసుల్ని తింటుందనీ దుర్గ తెలుగు చేసింది. "మన చెరువులో చేపపిల్లలు తినే మేతే అమ్మా."

"అంత నోరు పెట్టుకుని నలుసులు తింటుందా? ఎవరికి చెబుతున్నావు?"

దుర్గ నా పక్కన కూర్చుంది. ఇక వేళాకోళం ఆడలేదు.

"అమ్మా, నేను అడుగుతున్న చదువు ఇదే. ఇవాళ నువ్వు చూస్తుండగా దిగనీ. నీకు ఇంక పనికిరాదనిపిస్తే విశాఖ మాట ఎత్తను. చూడకుండానే వద్దంటే మాత్రం బాగోదమ్మా."

ఆ మాటకి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. తాడు. పొద్దున్నే పెట్టెలోంచి సంచీలోకి మార్చుకున్న చుట్టని తీశాను.

మునీర్ చేతులు అడ్డంగా ఊపాడు. తాడు చేపకి చుట్టుకుంటే ప్రమాదమట. దాని సంగతే గాని నా సంగతి ఎవరికీ పట్టలేదు. నా మొహం చూసి చివరికి వాడే దిగొచ్చి, తాడు పొట్టిగా మడిచి, పడవ పక్కనే ఉండాలనీ చేప దగ్గరికి పోకూడదనీ చెప్పి ఒప్పుకున్నాడు. దుర్గ లైఫ్ జాకెట్టు వెనక కొక్కేనికి ఒక కొస కట్టి, రెండో కొస నా మణికట్టుకి చుట్టుకున్నాను. గొట్టం మళ్ళీ నోట్లో పెట్టుకుని అంచున వంగాను.

అది దిగింది. తాడు కదులుతున్నంతసేపూ నా ప్రాణం కదులుతూనే ఉంది. ఇంతలో తాడు బిగిసింది. సొరే లాగుతోందనుకుని బలంకొద్దీ వెనక్కి లాగాను. పడవ ఊగింది. తరవాత తెలిసిందేమంటే, అవతల లాగింది అచ్యుతరావుగారు. అప్పటికే నీళ్ళలో దిగి మళ్ళీ పైకి ఎక్కబోతూ, నిచ్చెన తాడనుకుని నా తాడు పట్టుకున్నారు. మనిషి బాగా లావు.

నేను నీళ్ళలో ఉన్నాను.

అరుద్దామంటే నోట్లో గొట్టం. మునుగుదామన్నా జాకెట్టు మునగనివ్వదు. బోర్లా తేలుతున్నాను. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు తెరిచాను.

కింద, నా కింద, అది వెళ్తోంది. ఒళ్ళంతా తెల్లటి చుక్కలు, చుక్కల మధ్య సన్నటి గీతలు. ఎవరో ఇల్లాలు వాకిట్లో పెద్ద ముగ్గుకి చుక్కలు పెట్టి, కలపడం మొదలెట్టి, పొయ్యి మీద పాలు పొంగాయని లోపలికి పరుగెత్తినట్టుంది. నోరు గుమ్మమంత. ఎవరి మీదా కోపం లేని నోరు.

'నాయనా' అనుకున్నాను మనసులో, 'మీవాళ్ళని తిన్నమాట నిజమే. రుచి కోసం కాదు. పిల్లకి పాల కోసం. ఇదిగో ఈ పిల్లకే.'

ఆ పిల్ల నా పక్కనే ఉంది. జుట్టు ముడి ఊడిపోయి నీళ్ళలో పైకి తేలుతోంది, పట్టుకుని లాగడానికి వీలుగా. నా చెయ్యి దాకా వచ్చింది కూడా. దుర్గ నా వంక తిరగలేదు. దాని చూపంతా ఆ చుక్కల మీదే ఉంది. పుట్టిన నాడు మొదటిసారి కళ్ళు తెరిచి దీపాన్ని అలాగే చూసింది. నేను జుట్టు పట్టుకోలేదు. పక్కకి జరిపాను, దాని కళ్ళకి అడ్డం రాకుండా.

పడవ మీదికి చేర్చాక తువ్వాలు కప్పుకుని వణుకుతూ, ముందు ఇదే అడిగాను. "దుర్గా, అది ముసలిదేనా? అంత మెల్లగా పోతోంది."

మునీర్ నవ్వాడు. ముసలిది కాదట, పిల్లాడట. ఇక్కడికి వచ్చేవి చాలావరకు ఇలాంటి మగపిల్లలేనట.

"పిల్లాడా? మరి వాళ్ళమ్మేది?"

దుర్గ అడిగింది. మునీర్ సముద్రం మొత్తం మీద చెయ్యి తిప్పి భుజాలు ఎగరేశాడు. తల్లులు ఎక్కడ తిరుగుతాయో, ఎక్కడ కంటాయో ఎవరికీ సరిగా తెలియదట.

నాకు వణుకు ఆగిపోయింది. "ఎవరికీ తెలియకపోవడమేమిటే? ఇంత సముద్రంలో పసివాడు ఒక్కడూ తిరుగుతున్నాడు. ఏ పడవో తగిలితే? నోరు అంత తెరుచుకుని పోతున్నాడు, ఏ చెత్తో లోపలికి పోతే? దుర్గా, మనం తిన్నవాటిలో వాళ్ళమ్మ లేదు కదా?"

"వాళ్ళమ్మ నాన్నమ్మ గిన్నెలో పట్టదులేమ్మా."

"పోనీ, ఎక్కడుందో ఎవరైనా వెతుకుతున్నారా?"

దుర్గ జుట్టు పిండుకుంటూ నా వంక ఓరగా చూసింది. "అలాంటివి వెతికే చదువేనమ్మా నేను అడిగేది."

అచ్యుతరావుగారు నవ్వబోయి, నా చేతిలో తాడు చూసి ఊరుకున్నారు.

ఏలూరులో రైలు దిగగానే మావారు స్టేషనులోనే అడిగారు, "ఎన్ని షార్కులే?" అని. "మీరు తండ్రీకూతుళ్ళు కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు కదండీ, మీతో మాట్లాడను" అన్నాను. మాట్లాడకుండా ఆటోలో ఇంటిదాకా ఆ పిల్లాడి కబుర్లే చెప్పాను.

డిగ్రీ అయ్యాక దుర్గని విశాఖ రైలెక్కించాం. కారప్పూస డబ్బా పైన పెట్టి, బట్టల అడుగున తాడు పెట్టాను. రైలు కదులుతుంటే కిటికీ దగ్గర నడుస్తూ, ఎండలో తిరగొద్దని, నీళ్ళు కాచి తాగమని చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఎప్పటికైనా వాళ్ళమ్మ కనిపిస్తే, పిల్లాడు బాగానే తింటున్నాడని చెప్పమన్నాను.