మొద్దు మీది చుట్టరికం

"ఒరేయ్, నీ దగ్గర కోడిమాంసం కొన్నవాళ్లకి ఏదైనా అయితే మన గతేం కానురా?" అంది తల్లి, కొడుకు కొత్త కొట్టు షట్టర్ ఇంకా ఎత్తకముందే.

"మొదటి కోడి కూడా తెగలేదు, అప్పుడే జనాన్ని చంపేస్తున్నావా అమ్మా?" అన్నాడు కొడుకు.

నెల తిరక్కుండానే పక్క వీధి ఫ్యాక్టరీ క్యాంటీన్లో తిన్న పదకొండుమంది కడుపులు పట్టుకుని ఆసుపత్రిలో చేరారు. ఆ క్యాంటీనుకి మూడు కొట్ల నుంచి మాంసం వెళ్తుంది, అందులో వీళ్లదొకటి. ఆ రోగం ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చడానికి ల్యాబ్ మేడమ్ వచ్చి, మాంసం కొట్టే మొద్దుని దూదిపుల్లతో రుద్ది, ఆ పుల్లని పట్టుకెళ్లింది. కొట్టుకి తాళం పడినట్టేనని ఆ రోజు నుంచి తల్లికి ముద్ద దిగితే ఒట్టు.

వారం తర్వాత మేడమ్ ఓ కాగితంతో వచ్చింది. దాన్నిండా కొమ్మల్లా చీలిన గీతలు.

"ఇది క్రిముల వంశవృక్షం. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయిగానీ, జన్యువులు చూస్తే ఏది ఎవరి సంతానమో తెలిసిపోతుంది."

"అయితే చెప్పమ్మాయ్, రోగుల కడుపులో దొరికినవీ మా మొద్దు మీదవీ అన్నదమ్ములా?" అంది తల్లి.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గీత వెంటే వేలు పోనిచ్చింది. పోనిస్తూనే ఉంది. తల్లి కొడుకు చెయ్యి పట్టుకుని నలిపేసింది.

"వేళ్లు విరుగుతాయే అమ్మా," అని గొణిగాడు వాడు. ఆవిడ వదల్లేదు. బోనులో కోళ్లు కూడా ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

చివరికి మేడమ్ తలెత్తింది.

"కావు పిన్నిగారూ. వాటికీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. మీ మొద్దు మీద కాపురముంటున్నది వేరే కుటుంబం. కాకపోతే చాలా పెద్ద కుటుంబం, ముందు ఆ మొద్దు మార్చండి."