తోడు వచ్చినవారు

హోటల్ గది కెటిల్లో గుడ్లు కూడా ఉడుకుతాయని నాకు ఆ పొద్దున్నే తెలిసింది. నీళ్ళు మరగగానే కెటిల్ దానంతటదే ఆగిపోతుంది కాబట్టి, పక్కనే నిలబడి మళ్ళీ మళ్ళీ మీట నొక్కుతూ ఉండాలి. టైము అయిదున్నర. మా బుడ్డోడికి రెండేళ్ళు నిండి నెలైంది. వాడు అయిదింటికే లేచి "మమ్మమ్, మమ్మమ్" అని మొదలుపెట్టాడు. రిసార్టులో భోజనాల హాలు ఏడున్నరకి గానీ తెరవరు. గదిలో మా ఆయన, మా అత్తగారు, ఆరేళ్ళ పెద్దది గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. వాళ్ళకి నిద్ర చెడకూడదని నేనూ, వాడూ, కెటిలూ బాత్రూములో చేరి తలుపేసుకున్నాం. వాడు నీళ్ళు లేని స్నానాల తొట్టిలో కూర్చుని చెప్పుతో ఆడుకుంటున్నాడు. నేను ఒక చేత్తో మీట నొక్కుతూ, రెండో చేత్తో రాత్రి పాలసీసాని హోటలువాళ్ళ షాంపూతో కడుగుతున్నాను. మూడుసార్లు కడిగినా గులాబీల వాసన పోలేదు. వాడు అందులో పోసిన పాలు ఒక గుక్క తాగి నా మొహం మీదే ఊశాడు.

ఇదీ నా సెలవు. పిల్లల ఆటల పార్కు, దాన్ని ఆనుకుని రిసార్టు, మూడు రోజులు. టిక్కెట్లు తీసుకున్న రోజు మా ఆయన, "మూడు రోజులు నీకు వంట గొడవే లేదు. మహారాణిలా కూర్చుని తినడమే" అన్నాడు. "మా కాలంలో ఈ సుఖాలెక్కడివమ్మాయ్! తిన్నామా, పడుకున్నామా, తెల్లారిందా, అంతే" అన్నారు అత్తగారు. వాళ్ళిద్దరూ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అలా అనుకున్నారు. నేనూ నమ్మాను. పార్కులో తలకిందులుగా తిప్పే బండ్లు, నీళ్ళలోకి తోసే జారుడుబల్లలు నాకేమీ అక్కర్లేదు. నాకు కావలసిందల్లా ఒక్క పూట భోజనం. వేడిగా ఉండాలి. కూర్చుని తినాలి. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా మధ్యలో లేవకూడదు. పెద్దది పుట్టిన దగ్గర్నించీ నాకు అలాంటి పూట ఒక్కటీ గుర్తులేదు. ఇంట్లో నేను కంచం ముందు కూర్చోవడమే ఆలస్యం, ఎవరికో ఒకరికి మంచినీళ్ళు గుర్తొస్తాయి. నేను పనిచేసేది ఒక ఆసుపత్రిలో. నలభై రెండు మంది నర్సులకి ఎవరు పగలు, ఎవరు రాత్రి అని డ్యూటీల జాబితా వేస్తాను. అక్కడ నా టిఫిన్ డబ్బా మూత తియ్యగానే ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి "అక్కా, రేపటి డ్యూటీ మార్చవా" అంటారు. ఎవరైనా రిటైరైతే మా పెద్ద సారు కేకు నా ముందుకే తోయిస్తాడు. "మీరైతే అందరికీ సమంగా కోస్తారు మేడమ్" అంటాడు. కోసి, పంచి, చివరికి నేను చూసుకునేసరికి అట్టమీద క్రీము మరకే మిగులుతుంది.

వంటింట్లోంచి పారిపోయి ఇక్కడికొస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇంట్లో కనీసం పొయ్యి నా చేతిలో ఉంటుంది. ఇక్కడ గదిలో పొయ్యి ఉండదు, పార్కులోకి బయటి తిండి రానివ్వరు. గేటు దగ్గర కాపలా మనిషి నా సంచీలోంచి అరటిపళ్ళు తీసి పక్కన పెట్టాడు. వాటిని చూసి బుడ్డోడు ఏడిస్తే "రూల్సండీ" అన్నాడు. హాలుకి వెళ్ళాలంటే గది దగ్గర బస్సెక్కాలి. మధ్యాహ్నం భోజనానికి పొద్దున్న ఆరింటికే ఫోనులో టైము పట్టుకోవాలి. ఆరూ అయిదుకల్లా మంచి టైములన్నీ అయిపోతాయి. అత్తగారికి షుగరు, పన్నెండున్నర దాటితే చేతులు వణుకుతాయి. బుడ్డోడు సరిగ్గా పన్నెండున్నరకి నిద్రపోతాడు. పెద్దదానికి వేరుశెనగ పడదు, ఏ కూరలో ఏముందో ప్రతిసారీ అడగాలి. మా ఆయనకి కడుపులో మంట, కారం తగలకూడదు. వీళ్ళ నలుగురి కడుపులూ కలిసే గడియ కోసం నేను ఫోను పట్టుకుని లెక్కలేస్తుంటే, ఆయన వెనక నుంచి తొంగిచూసి, "సెలవుల్లో కూడా ఆ ఫోనేంటోయ్, చుట్టూ చూడు ఎంత బాగుందో" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అసలు సంగతి మొదటిరోజు మధ్యాహ్నమే జరిగింది. హాలు గుమ్మంలో ఒక పెద్దావిడ కూర్చుంటుంది, కళ్ళజోడుకి గొలుసు. భోజనానికి ముందే డబ్బు కట్టినవాళ్ళ పేర్లు చూసి, చేతికి కాగితం పట్టీలు చుడుతుంది. అత్తగారికి చుట్టింది. మా ఆయనకి చుట్టింది. పెద్దదానికి, బుడ్డోడికి చుట్టింది. నేను చెయ్యి చాచాను. ఆవిడ తెర మీద చూసి, "నలుగురికే ఉందండీ" అంది. "అయిదుగురం" అన్నాను. తెర నా వైపు తిప్పింది. నేను నింపిన ఫారమే. ఒక మధ్యాహ్నం డ్యూటీల జాబితాకీ, టిఫిన్ డబ్బాకీ మధ్య నింపాను. అత్తగారి పేరు, ఎదురుగా చక్కెర వద్దని. ఆయన పేరు, కారం వద్దని. పెద్దదాని పేరు, వేరుశెనగ వద్దని. బుడ్డోడికి మెత్తగా ఉడికినవి కావాలని. ఆ తర్వాత ఆ ఫారం "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది. "లేరు" అని నొక్కింది నేనే.

నలభై రెండు మంది జాబితాలో పదేళ్ళుగా ఒక్క మనిషిని మరిచిపోని దాన్ని నేను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేది నేనే, అయినా నాకే విస్తరి లేదు. మా ఆయన తెరని చూసి పకపకా నవ్వాడు. "నిన్ను నువ్వే మర్చిపోయావా! మతిమరుపు మాణిక్యం" అన్నాడు.

"ఇక్కడే కట్టెయ్యచ్చండీ, ఈ పూటకి" అంది పెద్దావిడ.

"ఎందుకులెండి. వీళ్ళిద్దరూ సగం సగం వదిలేస్తారు, అదే ఈవిడకి ఎక్కువవుతుంది" అన్నాడు మా ఆయన, ఆవిడతో.

"నా ప్లేట్లోది తీసుకోమ్మా, నేనెంత తింటానని" అన్నారు అత్తగారు. మంచి మనసుతోనే అన్నారు. నేను కూడా నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండేది ఆ నవ్వుకే.

పట్టీ లేనివాళ్ళు లోపలికి వెళ్ళాలంటే వేరే ఏర్పాటుంది. పెద్దావిడ బల్ల సొరుగులోంచి ఒక పసుప్పచ్చ కాగితం తీసి నా చేతికిచ్చింది. వెనక జిగురు, ముందు 'తోడు వచ్చినవారు' అని అచ్చు. డబ్బున్నవాళ్ళు పిల్లలతో పాటు ఆయాల్ని తెచ్చుకుంటారట, వాళ్ళ కోసం. అది అంటించుకుంటే లోపల తిరగొచ్చు, పిల్లలకి తినిపించొచ్చు, ప్లేటు మాత్రం తీసుకోకూడదు. దాన్ని గుండెల మీద అంటించుకుని లోపలికి వెళ్ళాను. పాస్తా ఊదాను, సూపు చల్లార్చాను, రొట్టె అంచులు తీశాను. ఆ వారం బుడ్డోడు తెల్లగా ఉన్నవే తింటున్నాడు, అన్నంలో పచ్చగా కనిపించిన ప్రతి బఠాణీనీ ఏరాను. చివరికి వాళ్ళు లేచాక నాకు మిగిలింది రెండు రొట్టె అంచులు, కొరికి వదిలేసిన కోడిముక్క, ఆ ఏరిన బఠాణీలు. నిలబడే తిన్నాను. కూర్చుందామంటే తర్వాతి టైమువాళ్ళు కుర్చీ వెనక కాచుకుని ఉన్నారు.

రాత్రికైనా పేరు ఎక్కిద్దామనుకున్నాను. ఇద్దరికీ స్నానాలు చేయించి, తడిబట్టలు ఆరేసి, అత్తగారి మాత్రలు విడదీసేసరికి బస్సు వెళ్ళిపోయింది, తర్వాతి బస్సులో హాలు మూసే వేళకి చేరాం. "రేపు చూద్దాంలే, ఒక్క పూటకి కొంపేం మునిగిపోదు" అన్నాడు ఆయన. నిజమే, ఒక్క పూటకి ఏ కొంపా మునగదు. రాత్రి కూడా ఆ పసుప్పచ్చ కాగితంతోనే తిరిగాను. మర్నాడు పొద్దున్న కెటిల్లో ఉడికిన రెండు గుడ్లలో ఒకటి బుడ్డోడు తిన్నాడు, రెండోది నేను ఒలుస్తుంటే పెద్దది లేచి "నాకూ" అంది.

రెండో రోజు మధ్యాహ్నానికి నా కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన పెద్దదాన్ని తీసుకుని ఊగే పడవ బండి ఎక్కాడు, అది పైనుంచి "అమ్మా!" అని చెయ్యూపింది. నేను కిందనుంచి ఊపాను, భుజం మీద బుడ్డోడు నిద్ర. అత్తగారు నీడ వెతుక్కుని కూర్చున్నారు. దొరికిన టైము ఒంటిగంటా పది. పరుగు పరుగున అందర్నీ పోగేసి హాలుకి చేరుకునేసరికి బుడ్డోడు లేచి రాగం అందుకున్నాడు. గుమ్మంలో అదే పెద్దావిడ. నలుగురి పట్టీలూ చూసి, నాకోసం సొరుగు లాగబోయి ఆగింది. కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది.

"నిన్నటినుంచీ చూస్తున్నానమ్మా. నువ్వసలు తినవా?" అంది.

నేను ఏదో నవ్వుతాలుగా చెప్పబోయాను. నోరు తెరిచేలోపే మా పెద్దది అందుకుంది.

"మా అమ్మకి ఆకలెయ్యదండీ. మేం వదిలేసింది ఉంటుందిగా!" అంది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు గడగడా, గర్వంగా చెప్పింది. ఆవిడ నవ్వకపోయేసరికి ఇంకొంచెం విడమరిచి చెప్పాలనుకున్నట్టుంది. "పెద్దయ్యాక నాక్కూడా ఎయ్యదు" అంది.

మా ఆయన నవ్వాడు. "చూశావా, దీనికన్నీ నీ పోలికలే" అన్నాడు. అత్తగారు దాని తల నిమిరారు. దానికి ఎవరు చెప్పారని అడగడానికి లేదు. ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళుగా పూటపూటకీ నా చేతుల్తో నేనే నేర్పాను, అక్షరాలు దిద్దించినట్టు. ఆయన మీద కోపం, అత్తగారి మీద కోపం, ఆ ఫారం మీద, ఆ పసుప్పచ్చ కాగితం మీద కోపం, అన్నీ రెండు రోజులుగా లోపల ఉడుకుతూనే ఉన్నాయి. అవన్నీ కలిపినా ఈ భయం ముందు ఎందుకూ కొరగావు. నేను ఆకలితో ఉంటే ఉన్నాను. ఇది ఆకలితో ఉంటుంది. పెద్దయ్యాక ఏ హాల్లోనో, ఎవరివో బఠాణీలు ఏరుతూ, నవ్వుతూ.

"ఈ పూటకి ఒక ప్లేటు కడతానండీ. రేపటివి కూడా" అన్నాను.

"ఇప్పుడా? వీడు ఏడుస్తున్నాడు, ముందు లోపలికి పద" అన్నాడు ఆయన.

"మీరు పదండి" అని బుడ్డోణ్ణి ఆయన చేతుల్లో పెట్టాను.

పెద్దావిడ నా మణికట్టుకి పట్టీ చుట్టింది. పేరడిగి రాసుకుంది. "పడనివేమైనా ఉన్నాయామ్మా?" అంది. అందర్నీ అడిగే ప్రశ్నే అది. నాకేం పడదో, నాకేం ఇష్టమో నన్నెవరూ అడిగి చాలా కాలమైంది. "ఏం లేవండీ, అన్నీ తింటాను" అన్నాను.

పెద్దదాని చెయ్యి పట్టుకుని వడ్డన బల్ల దగ్గరికి వెళ్ళాను. అన్నం మీద ఆవిరి లేస్తోంది. అన్నం, కూర, వేయించిన చేప, పెరుగు పెట్టుకున్నాను. కారం కూడా వేసుకున్నాను, నాకు కారం ఇష్టమని అప్పుడు గుర్తొచ్చింది. పెద్దది నా ప్లేటు వంక, నా మొహం వంక మార్చి మార్చి చూసింది. "ఇదంతా ఎవరికమ్మా?" అంది. "నాకే" అన్నాను. దాన్ని నాకెదురుగా కూర్చోబెట్టుకున్నాను, నేను తినేది దానికి కనబడాలని.

పక్క బల్ల దగ్గర మా ఆయన పాట్లు పడుతున్నాడు. సూపు వేడిగా పెట్టాడు, బుడ్డోడు చెంచా విసిరాడు. పాస్తాకి ఎర్రటి సాసు ఉంది, వాడు తెల్లవి తప్ప తినడని ఆయనకి తెలియదు. అత్తగారికి తెచ్చిన గిన్నెలో చక్కెర పాకముంది. ఆవిడ "అమ్మాయ్..." అని పిలవబోయి నా వంక చూసి ఆగిపోయారు, తనే లేచి మార్చుకున్నారు. నాకు అన్నీ కనిపిస్తున్నాయి, అన్నీ వినిపిస్తున్నాయి. రెండుసార్లు కాళ్ళు వాటంతటవే లేవబోయాయి, వాటిని కుర్చీ కిందకి ముడుచుకున్నాను. హాయిగా తిన్నానని అబద్ధం చెప్పను.

"ఏమోయ్, వాడు నీకోసమే ఏడుస్తున్నాడు. వినపడట్లా?" అన్నాడు ఆయన, చొక్కా నిండా సూపుతో.

"వినపడుతోందండీ. తెల్ల అన్నం పెట్టండి, బఠాణీలు ఏరి" అన్నాను.

ప్లేటు ఖాళీ అయింది. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఆయన మొహంలో హమ్మయ్య అన్న వెలుగు కనిపించింది. బుడ్డోణ్ణి రెండు చేతులా ఎత్తి నా వైపు చాచాడు. నేను వాడి బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి, "నాకింకా ఆకలి తీరలేదు" అని పెద్దదానికి వినబడేలా చెప్పి, ప్లేటు పట్టుకుని మళ్ళీ వడ్డన బల్ల వైపు నడిచాను.